పానకం తక్కువ, పదవులు ఎక్కువ

ఉగాది పంచాంగ శ్రవణంలో రాజపూజ్యం, అవమానం లెక్క చూసుకున్న మర్నాడే కాలనీలో శ్రీరామనవమి కమిటీ సమావేశం. చేతిలో ఉన్నది వారం. అందులో మూడు రోజులు పదవుల పంపకానికే సరి.

గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, నలుగురు ఉపాధ్యక్షులు, కోశాధికారి, లెక్కకు మించి సలహాదారులు. వడపప్పుకు పెసరపప్పు నానబెట్టేవాడు మాత్రం లేడు!

ఆపై ఫ్లెక్సీ. నేతలు, దాతలు, సభ్యులు, వాళ్ల పిల్లలు నిండాక మిగిలిన మూల సీతారాములకు. పద్నాలుగేళ్లు అడవిలో ఉన్నవాళ్లు, ఆ మాత్రం సర్దుకోలేరా?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు మోగకూడదు. పగలైనా నివాస ప్రాంతాల్లో 55 డెసిబెల్స్ దాటకూడదు. కార్యదర్శి ఆ 55 అంకె చెబితే, సౌండ్ బాక్సులతను అద్దె బేరమనుకుని ‘గిట్టదు సార్’ అనేశాడు.

కల్యాణం అభిజిత్ లగ్నంలో, అంటే మిట్టమధ్యాహ్నం. ఎండకు పందిట్లో జనం పానకం గ్లాసుల కోసం చూస్తున్నారు. బెల్లం, మిరియాలు, యాలకులు అన్నీ వచ్చాయి. కలిపే బాధ్యత ఏ ఉపాధ్యక్షుడిదో తేలలేదు.

ముఖ్య అతిథి ఇంకా బయల్దేరనే లేదట. ‘పంతులుగారూ, ముహూర్తం ఓ గంట వెనక్కి జరపండి’ అంటూ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.