మూత తెరవ నిద్ర: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
మూత తెరవ నిద్ర మోడ్పుకన్నుల లేచి
నత్తతోడ పోటి నడక నడచు
మరల మూసి తెరవ మారదా గుణమింక
చచ్చి పుట్టుటొకటె చక్కబాటు

ప్రతిపదార్థం: మూత = ల్యాప్‌టాప్ పైరెక్కను; తెరవన్ = తెరవగా; నిద్ర = స్లీప్ అనే అవస్థ వలన; మోడ్పుకన్నులన్ = సగం మూసిన కళ్లతో; లేచి = మేలుకొని; నత్తతోడన్ = నత్తతో; పోటి నడక నడచున్ = పందెం వేసి నడుస్తుంది (ఓడుతుందని అధ్యాహారం); మరల = తిరిగి; మూసి తెరవన్ = మూసి తెరచినా; ఆ గుణము = ఆ మందగుణం; ఇంక మారదు; చచ్చి పుట్టుట = రీస్టార్టు; ఒకటె = అది మాత్రమే; చక్కబాటు = బాగుపడే దారి.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: “నిద్ర” అన్నాడు, ఏ నిద్ర? 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి వెలువరించిన ఏసీపీఐ స్మృతి నిద్రను అంతస్తులుగా విడదీసింది. ఎస్3లో ప్రాసెసర్ ఆరిపోతుంది, ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతూ ఉంటుంది. ఎస్4లో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి యంత్రం పూర్తిగా పడుకుంటుంది. ఇటీవలి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 లేదు. దాని చోట మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది. అంటే ఎస్0 అనే మెలకువ స్థితిలోనే ఉండి కళ్లు మూసుకోవడం, మధ్యమధ్య లేచి మెయిళ్లు తెచ్చుకోవడం. (మా ఇళ్లలో దీన్ని నిద్ర అనరు, కునుకంటారు.) తన యంత్రానికి ఏది ప్రాప్తమో తెలియగోరేవారు కమాండ్ ప్రాంప్టులో “పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, ఏ” అని కొట్టి చూడాలి.

“నత్తతోడ పోటి” అతిశయోక్తి అని కొందరన్నారు. స్వభావోక్తి అని మా మతం. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి సీపీయూ స్పీడు చూస్తే తెలుస్తుంది. రెండు మూడు గిగాహెర్ట్‌జ్ తీయవలసిన ప్రాసెసర్ 0.4 దగ్గరో 0.8 దగ్గరో కూర్చుని, ఎంత పని నెత్తిన పెట్టినా కదలకపోతే, అది బద్ధకం కాదు, ఆజ్ఞాపాలన. ఇంటెల్ యంత్రాల్లో బీడీ ప్రోక్‌హాట్ అనే సంకేతం ఒకటుంది. “వేడెక్కింది, తగ్గు” అని దాని అర్థం. ఉభయముఖం కనుక ప్రాసెసర్ బయటికి చెప్పగలదు, బయటి భాగాలూ ప్రాసెసర్‌కు చెప్పగలవు. కొన్ని యంత్రాల్లో నిద్ర లేచే వేళ బోర్డు ఈ సంకేతాన్ని ఎత్తి పట్టుకుని దించడం మరచిపోతుంది. ఒళ్లు చల్లగానే ఉంటుంది. ప్రాసెసర్ మాత్రం జ్వరమనుకుంటుంది. ఛార్జర్ పీకి మళ్లీ పెట్టే మోటువైద్యం ఒక్కోసారి ఫలించేది ఇక్కడే. స్పీడు బాగానే ఉండి డిస్కు 100 శాతం చూపిస్తే మాత్రం, ఆగిపోయిన అప్‌డేట్లూ యాంటీవైరస్ స్కానూ ఒక్కుమ్మడిగా లేచాయన్నమాట. కాఫీ తాగి రావచ్చు.

“మారదా గుణ”: మారదు + ఆ అని విరుపు. “మారదా?” అని ప్రశ్నగా చదివి, పదేపదే మూత మూసి తెరిచే శాఖ ఒకటుంది. అప్పుడప్పుడు వారికి ఫలం దక్కుతుంది గనుకే ఆ శాఖ అంతరించలేదు.

“చచ్చి పుట్టుట”: పద్యానికి ప్రాణం ఇదే. పూర్వపక్షం: రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం కదా, అది చావు కాదా? సిద్ధాంతం: కాదు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది అమలులో ఉండగా షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు పోతాయి గాని, కెర్నలూ డ్రైవర్లూ తమ స్థితిని డిస్కులో దాచుకుని పొద్దున అదే స్థితితో లేస్తాయి. వాసనలు వదలని జీవుడు! ప్రమాణం కావాలంటే అదే టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూడండి: నిన్న రాత్రి పోయిన యంత్రం పది రోజులుగా బతికే ఉన్నానంటుంది. రీస్టార్టు అలా కాదు, కెర్నల్‌ను మొదటినుంచి లేపుతుంది. కనుక లోకం చావనుకునేది నిద్ర, క్షణాల్లో ముగిసేది అసలు చావు. షట్‌డౌనే కావాలని పట్టుబట్టేవారు షిఫ్ట్ మీట నొక్కి పట్టి చేస్తే వారికీ మోక్షముంది.

కవి నేరుగా “రీస్టార్టు” అనకపోవడంలో వేదాంతమేమీ లేదు. ఆ మాట తగణం. ఆటవెలది రెండు, నాలుగు పాదాల్లో సూర్యగణాలే చెల్లుతాయి.

“ఒకటె” దగ్గర మాత్రం మాకు పేచీ ఉంది. చిప్‌సెట్ డ్రైవరూ బయోసూ పాతవైతే ఎన్ని జన్మలెత్తించినా, మళ్లీ మూత వేసి తీసేసరికి అదే నత్త. తయారీదారు ఇచ్చిన కొత్తవి వేసుకోవాలని కవి చెప్పి ఉండవలసింది. కాని అప్పటికే నాలుగు పాదాలూ అయిపోయాయి.