వాతావరణం బాబాయిగారు

ప్రతి వీధికీ ఒక రాజకీయ విశ్లేషకుడు, ఒక క్రికెట్ కోచ్, ఒక హోమియో డాక్టరు ఉచితంగా దొరుకుతారు. ఈమధ్య వీళ్లకి తోడు నాలుగో ఉద్యోగం ఒకటి వచ్చింది. వాతావరణ నిపుణుడు. దానికి దరఖాస్తు అక్కర్లేదు. రిటైరై ఉండాలి, చేతిలో స్మార్ట్‌ఫోనుండాలి, ఎదటివాడు నోరు తెరిచేలోపు "అసలు విషయం అది కాదండీ" అనగలిగి ఉండాలి.

బెజవాడలో మా అపార్ట్‌మెంటులో ఈ పదవిని అలంకరించిన పెద్దమనిషిని అందరం బాబాయిగారు అంటాం. ఊరు బెజవాడ గనక ఆయనకి ముడిసరుక్కి కరువుంటుందా అనుకుంటారు మీరు. కానీ అసలు ఎండాకాలంలో ఆయన పెద్దగా మాట్లాడరు. మే నెలలో నలభై నాలుగు డిగ్రీలంటే కాదనేవాడెవడు? కాదనేవాడు లేనిచోట బాబాయిగారికి పనిలేదు. ఆయన సీజను వేరు. రావలసిన వాన రానప్పుడు, ఉండవలసిన చలి లేనప్పుడు, అంటే ఎండ తన వేళ కాని వేళ ఊళ్లోకి దిగినప్పుడు, ఈయన సెల్లారులోకి దిగుతారు.

2023 ఆగస్టు ఆయన జీవితంలో స్వర్ణయుగం. జులై ఆఖర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కుమ్మేసింది. ఆ వెంటనే ఆగస్టులో ఆకాశం తలుపులు మూసేసింది. దేశం మొత్తం మీద సుమారు 255 మిల్లీమీటర్లు పడాల్సిన నెలలో 163 దగ్గరే ఆగిపోయింది. 1901 నుంచీ లెక్కలు చూస్తే ఇంత పొడి ఆగస్టు మరొకటి లేదు. శ్రావణ మాసంలో చెమటలు. పేరంటానికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు వాయనంలో వచ్చిన తమలపాకులతోనే విసురుకున్నారు.

మొదటి వారం బాబాయిగారి తీర్పు స్పష్టం. "క్లైమేట్ ఛేంజ్. ఇందులో రెండో మాట లేదు."

రెండో మాట మూడో అంతస్తులో ఉంది. అక్కడుండే రిటైర్డ్ రైల్వే గార్డుగారు ఇంకో తెగ మనిషి. ఆ తెగకి ఏదీ కొత్త కాదు. వడగాడ్పా, ఉన్నదే. వరదా, ఉన్నదే. రేపు కృష్ణలో మొసళ్లకి రెక్కలొచ్చినా, "మా చిన్నప్పుడు గుంతకల్లు జంక్షన్లో చూశాం" అంటారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని అడిగారు: "ధాత కరువు ఎప్పుడొచ్చింది బాబాయిగారూ? 1876లో. రాయలసీమ ఎండిపోయింది, లక్షల మంది పోయారు. అప్పుడు కార్లున్నాయా? ఏసీలున్నాయా? ఎవడు మార్చాడండీ క్లైమేటు?"

గట్టి ప్రశ్నే. పైగా మన వాతావరణ శాఖని తెల్లవాళ్లు పెట్టింది 1875లో. ఆఫీసు తెరిచిన మరుసటేడే కరువు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత 1904లో ఆ శాఖకి అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అనే లెక్కల మనిషి, మన వానలకీ ఎక్కడో పసిఫిక్ సముద్రం మీది గాలి ఒత్తిడికీ లంకె ఉందని పట్టుకున్నాడు. ఇవాళ ఎల్‌నినో అంటున్నది ఆ లంకెలో భాగమే. ధాత కరువు వెనకా ఎల్‌నినో ఉంది, 2023లోనూ ఉంది. ఇదంతా గార్డుగారికి తెలీదు. తెలిస్తే ఆయన్ని పట్టలేం.

రెండో వారం గార్డుగారు హైదరాబాదులో కూతురింటికి వెళ్లారు. బాబాయిగారికి ఎదురు కూర్చునే బాధ్యత ఐదో అంతస్తు బ్యాంకు కుర్రాడి మీద పడింది. వాడు చదువుకున్నవాడు, పైగా మర్యాదస్థుడు. "మీరన్నది నిజమే బాబాయిగారూ, క్లైమేట్ ఛేంజే" అన్నాడు.

అంతే. బాబాయిగారి మొహం వాడిపోయింది. ఒప్పేసుకుంటే ఇక సాయంత్రం ఎలా గడుస్తుంది? గొంతు సవరించుకున్నారు.

"అంత తొందరపడకూడదోయ్. ఒక్క నెల చూసి క్లైమేటంటే ఎలా? అది వాతావరణం. క్లైమేటంటే ముప్పై ఏళ్ల సగటు తీయాలి."

ఇది అక్షరాలా నిజం. బాబాయిగారితో వచ్చే చిక్కే ఇది. ఆయన తప్పు చెప్పరు. ఒప్పు మాటనే, దాని అవసరం లేని మనిషికి, అవసరం లేని పూట చెప్తారు. ఈ ముప్పై ఏళ్ల ముక్క గార్డుగారికి చెప్పుంటే చర్చ అక్కడితో తేలిపోయేది. తేలిపోతుందనే చెప్పలేదని నా అనుమానం.

"మరి వాన ఎందుకు పడట్లేదంటారు?" అన్నాడు కుర్రాడు.

"అధిక శ్రావణం. పదహారో తారీఖుదాకా అధికమే. అధిక మాసంలో శుభకార్యాలు చేస్తారుటోయ్? వాన శుభకార్యం కాదూ?"

"అధిక మాసం మూడేళ్లు తిరక్కుండానే వస్తుంది కదండీ. వచ్చినప్పుడల్లా వాన ఆగాలిగా?"

"అసలు విషయం అది కాదోయ్..."

పదిహేడున నిజ శ్రావణం వచ్చింది. వాన రాలేదు. బాబాయిగారు పంచాంగం మూసి ఫోను తెరిచారు.

ఆయన పరికరాల సంగతి చెప్పకపోతే చిత్రం పూర్తికాదు. ఫోనులో వాతావరణం యాపులు ఒకటికి మూడున్నాయి. మూడూ మూడు అంకెలు చెప్తాయి. వాటిలో ఏది ఎక్కువో అది ఆయన ఉదయం పూట నమ్ముతారు, ఏది తక్కువో అది సాయంత్రం. వీటన్నిటికీ పైన బాల్కనీలో సొంత వేధశాల ఉంది. ఎప్పుడో మందుల కంపెనీవాళ్లు పంచిన గోడ థర్మామీటరు. ప్లాస్టిక్ చట్రం పసుపెక్కి, దానిమీద మందు పేరు ఎండకి వెలిసి, సన్నటి ఎర్ర గీత మాత్రం ఇంకా చురుగ్గా ఉంది. దాన్ని ఆయన కర్టెను తీగతో బాల్కనీ గ్రిల్లుకి కట్టారు. సరిగ్గా ఆ కిందే ఏసీ బయటి యూనిట్ ఉంది. దాని ఫ్యాను వదిలే వేడిగాలి నేరుగా ఎర్ర గీతకి తగుల్తుంది.

మధ్యాహ్నం రెండింటికి కేక: "నలభై తొమ్మిది!"

పిన్నిగారు కరెంటు బిల్లు గుర్తొచ్చి ఏసీ కట్టేస్తారు. పది నిమిషాలకి ఇంకో కేక: "నలభై ఒకటి! పది నిమిషాల్లో ఎనిమిది డిగ్రీలు పడిపోయింది! ఇంకా రుజువు కావాలా మీకు?"

అసలు కొలత వేరే పద్ధతిలో తీస్తారు. నాలుగడుగుల ఎత్తున తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, గాలి ఆడేలా చుట్టూ తడకలాంటి పలకలు, ఎండ లోపలికి పడకూడదు, కింద నేల ఉండాలి. దాన్ని తయారుచేసింది ట్రెజర్ ఐలండ్ రాసిన స్టీవెన్సన్ తండ్రి, దీపస్తంభాలు కట్టే ఇంజనీరు. ఆ పెట్టెలో కొలిచిన అంకెలతోనే, 1901 నుంచి 2018 దాకా మన దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని లెక్క తేలింది. ఈ అంకె బాబాయిగారికి ఎంత మాత్రం నచ్చదు. "పాయింటు ఏడా? దానికింత గొడవా? మా బాల్కనీలో పది నిమిషాల్లో ఎనిమిది వస్తుంటే!"

ఆయనకి అర్థమయ్యే భాష పేకాట ఒక్కటే. బ్యాంకు కుర్రాడు ఒకరోజు ఆ దారిన వెళ్లి చూశాడు. "బాబాయిగారూ, పేకలో ఎవడో చాటుగా జోకర్లు ఎక్కువ కలిపాడనుకోండి. మీకు ఈ ఆటలో షో అయింది. అది కలిపిన జోకరు వల్లే అయిందా, అది లేకున్నా అయ్యేదా అంటే చెప్పడం కష్టం. కానీ రాత్రంతా ఆడితే షోలు ఎక్కువవుతున్నాయా లేదా అన్నది లెక్కపెట్టొచ్చుగా?" శాస్త్రవేత్తలు ఇప్పుడు చేస్తున్నది ఆ లెక్కే. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరాదినీ పాకిస్తాన్‌నీ వేయించిన వేడి, భూమి వేడెక్కడం వల్ల సుమారు 30 రెట్లు ఎక్కువ సంభావ్యమైందని తేల్చారు. ఆగస్టు వాన ఎగ్గొట్టడం సంగతి అంత తేలిగ్గా తెగదు. అందులో ఎల్‌నినో చెయ్యి పెద్దది. వేడి సంగతిలో మాత్రం సందేహానికి చోటు బాగా తగ్గిపోయింది.

బాబాయిగారు శ్రద్ధగా విన్నారు. విని, "జోకర్లు ఎవరు కలిపారంటావ్, మన గార్డుగారేనా?" అన్నారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, అంతకుముందెన్నడూ లేనంత. ఆ నాలుగు రోజులూ మా సెల్లారులో చర్చ లేదు. బాబాయిగారూ, గార్డుగారూ పక్కపక్కన కూర్చుని పులిహోర పొట్లాలు కట్టారు. ఒకరి పొట్లం ఇంకొకరికి నచ్చలేదు గానీ క్లైమేటు ఊసెత్తలేదు. నీళ్లు తగ్గాక బాబాయిగారికి ఊపిరొచ్చింది. "నిరుడు వాన లేకపోతే క్లైమేట్ ఛేంజన్నారు. ఈ ఏడు ముంచేస్తే ఇదీ అదేనంటున్నారు. రెండూ ఒకటే ఎలా అవుతాయోయ్?" నిరుడు అన్నది తనేనన్న సంగతి ఆయనకి అడ్డురాలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందనీ, అందుకే పడనప్పుడు నేలని మరింత పీల్చి, పడినప్పుడు ఒక్కసారిగా దింపుతుందనీ కుర్రాడు చెప్పబోయాడు. అప్పటికే వాచ్‌మన్ టీ తెచ్చాడు.

ఇక 2025 ఫిబ్రవరి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు శివరాత్రి 26న వచ్చింది, చలి అన్ని రోజులు ఆగలేదు. సగటు ఉష్ణోగ్రతలో 1901 తర్వాత దేశంలో అంత వేడి ఫిబ్రవరి లేదు. పిన్నిగారు రాత్రి తోడేసిన పెరుగు తెల్లారేసరికి పులిసిపోతోందని గొడవ. గార్డుగారు మాత్రం, సంక్రాంతిలో లంబసింగి వెళ్లొచ్చిన అల్లుడు పంపిన మంచు ఫొటో జేబులో ఫోనులోంచి తీసి చూపిస్తారు. "ఇది చూడండి. ఎక్కడండీ వేడి?" ఒక్క నెల ఎండని సాక్ష్యంగా ఒప్పుకోని మనిషికి ఒక్క ఉదయం మంచు చాలిపోయింది.

ఆ రోజుల్లోనే నూజివీడు నుంచి బాబాయిగారి వేలువిడిచిన తమ్ముడు వచ్చాడు. మామిడి తోట ఉంది ఆయనకి. రాత్రుళ్లు చల్లబడితేగాని మామిడి సరిగ్గా పూతకి రాదు. సెల్లారులో ఇద్దరూ రెండు వైపులా లాగుతుంటే ఆయన మధ్యలో కూర్చుని టీ తాగాడు. "నువ్వు చెప్పరా, రైతువి. ఇది క్లైమేట్ ఛేంజా, కాదా?" అన్నారు బాబాయిగారు.

"ఏమో అన్నయ్యా. పూత సగం కూడా రాలేదు. నీటి మోటారుకి కొత్త పైపులు వెయ్యాలి, గవర్నర్‌పేటలో కొట్టు మూసేస్తారేమో, వస్తా" అని లేచాడు.

"చూశారా, వాడికేం తెలీదు" అన్నారు గార్డుగారు. బాబాయిగారు తలూపారు. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అప్పుడే మొదటిసారి.

రెండోసారి మార్చిలో, అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో. పై అంతస్తువాళ్లు ఉడికిపోతున్నారు, డాబా మీద వేడిని వెనక్కి కొట్టే తెల్లరంగు వేయిద్దామని కుర్రాడు ప్రతిపాదించాడు. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లోనే చల్లని పైకప్పులకని ఒక విధానమే ప్రకటించిందని కూడా చెప్పాడు. బాబాయిగారు లేచారు. "రంగు వేస్తే క్లైమేట్ ఛేంజ్ ఉన్నట్టు సంఘం తీర్మానించినట్టవుతుంది. ముందు అది ఉందో లేదో తేలనివ్వండి." గార్డుగారు బలపరిచారు. "ఎండ ఎప్పుడూ ఉన్నదే, రంగెందుకు?" అంశం వాయిదా పడింది.

కుర్రాడు ఆదివారం వాచ్‌మన్ కొడుకుని తోడు తీసుకుని, సున్నంలో ఫెవికాల్ కలిపి, తన గదుల మీది డాబా మేరకు రెండు పూతలు పూసుకున్నాడు. రాత్రి ఫ్యాను వేస్తే వేడిగాలి దిగడం తగ్గింది. సంగతి తెలిసి బాబాయిగారు గ్రిల్లు నుంచి థర్మామీటరు విప్పుకుని పైకెక్కారు. గదిలో అటు పెట్టి, ఇటు పెట్టి, కుర్రాడి భుజం తట్టారు.

"తగ్గింది, కాదనను. కానీ సున్నం వల్లే తగ్గిందని ఒక్క డాబా చూసి ఎలా చెప్తావోయ్? ముప్పై ఏళ్లు చూడాలి."

మీ అపార్ట్‌మెంటులోనూ ఇలాంటి బాబాయి ఒకరు తప్పకుండా ఉంటారు. డాబా రంగు అంశం ఎజెండాలో ఉంటే మీటింగు సాయంత్రం నాలుగింటికే పెట్టుకుని, ఏడులోపు తీర్మానం చేసేసుకోండి. ఏడు దాటితేగాని ఆయన కిందికి దిగరు. అప్పటిదాకా ఎండట.