సోఫాకి కూడా ఒక సర్టిఫికెట్ ఇప్పించండి

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి వారికి,

తెనాలి నుంచి ఒక ఇంటి కోడలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వచ్చిన ప్రతి సినిమానీ మొదలు నుంచి చివరిదాకా చూడక తప్పని ఉద్యోగం మీది కాబట్టి మీ క్షేమం గురించే మాకు బెంగ.

మా వైపు మిమ్మల్నెవరూ ఇంత పొడుగు పేరుతో పిలవరు. సెన్సారు వాళ్లంటారు. ఎలా పిలిచినా మీ సర్టిఫికెట్‌ని దేశం మొత్తమ్మీద శ్రద్ధగా చదివే మనిషి ఒకరున్నారు, ఆయన మా మామగారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులు చూసి చూసి రిటైరైన మనిషి. సినిమా మొదట్లో పది సెకన్లు మీ కాయితం తెర మీద నిలుస్తుంది కదా, ఆ పది సెకన్లూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. నంబరు, తేదీ, నిడివి, కింద సంతకం అన్నీ చూసుకుని "ఊఁ, కానివ్వండి" అంటారు. ఆ తర్వాతే హీరో అయినా పుట్టాలి, విలన్ అయినా చావాలి.

మా బాధ ఆ కాయితం గురించే. అందులో ఒక గడి తక్కువైంది.

మీ చట్టం 1952 నాటిది. ముప్పయ్యేళ్లపాటు 'యు', 'ఏ' అనే రెండక్షరాలతోనే సంసారం లాక్కొచ్చారు. 1983లో 'యుఏ' వచ్చింది, డాక్టర్లలాంటి వాళ్ల కోసం 'ఎస్' కూడా వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించి 'యుఏ'ని మళ్లీ 7, 13, 16 ఏళ్ల లెక్కన మూడు వాటాలు వేశారు. అన్నదమ్ముల పంపకం కూడా ఇంత పద్ధతిగా జరగదు, సంతోషం. కానీ ఈ లెక్కంతా పిల్లల వయసు మీద కట్టారు. మా ఇంట్లో ఇబ్బంది పడేది పిల్లలు కారండీ. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, ఐటెం సాంగుకి స్కూలు వార్షికోత్సవంలో డాన్సు చేసి కప్పు తెచ్చుకుంది. మా అబ్బాయికి పదిహేను, వాడు చూడాల్సినవీ చూడకూడనివీ ఫోన్లో ఎప్పుడో చూసేసి ఉంటాడు. ఇబ్బందంతా మా ఆయనకి. ఆయనకి నలభై ఆరు నిండాయి, కానీ సోఫాలో ఆయన పక్కన ఆయన నాన్నగారు కూర్చుంటే ఆ వయసు ఠక్కున పదమూడుకి దిగిపోతుంది. పెద్దల మార్గదర్శకత్వంలో చూడాలని మీరు రాస్తారు. మా పెద్దాయన మార్గదర్శకత్వం ఒక్కటే, దగ్గు.

ఆ దగ్గు ఎలా వస్తుందో వివరంగా మనవి చేస్తాను, మీ రికార్డుల్లో ఉంటే మంచిది. రాత్రి భోజనాలయ్యాయి. అత్తగారు చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్నారు. హీరో హీరోయిన్లు ఇంతసేపూ మన హైదరాబాదు రోడ్ల మీదే పోట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి చుట్టూ మంచుకొండలు లేచాయి. హీరో కోటు మీద కోటు తొడిగి మఫ్లరు చుట్టుకున్నాడు. ఆ అమ్మాయికి మాత్రం చలిలేదు. అంతే, మామగారి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మా ఆయన పొద్దున మూడుసార్లు చదివేసిన పేపరు తీసి జిల్లా ఎడిషన్‌లో మార్కెట్ ధరలు చూస్తారు. మినుముల క్వింటాలు ధర ఆయనకి అంత శ్రద్ధగా ఇంకెప్పుడూ పట్టదు. నేను పాలు పొంగుతాయేమోనని వంటింట్లోకి వెళతాను. స్టవ్ మీద పాలు ఉండవు. అబ్బాయి ఫోన్లోకి తల దించేస్తాడు. అత్తగారు ఒక్కరే కదలరు, ఆవిడకి చిక్కుడుకాయల్లో పురుగులు కనబడతాయి. పాటంతా నిశ్చింతగా చూసేది మా అమ్మాయి ఒక్కతే. అయిపోయాక వెనక్కి తిరిగి, "అందరూ ఎక్కడికెళ్లారు?" అని గట్టిగా అడుగుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ పాటకి ముందు హీరో గొడ్డలి పట్టుకుని నలభై మందిని నరికాడు. అప్పుడెవరూ దగ్గలేదు. మామగారు ఇంకో అప్పడం వేయించమన్నారు కూడా. 2023 డిసెంబరులో 'సలార్'కి మీరు 'ఏ' ఇచ్చారు. మా అబ్బాయి కంచం ముందు అలిగి కూర్చున్నాడు. నరకడం పిల్లలు చూడకూడదని మీరన్నారు, న్యాయమే. మా ఇంట్లో మాత్రం నరకడానికి ఎవరూ సిగ్గుపడరు, ముద్దుకే పడతారు. దీని గురించి నేను ఉపన్యాసం ఇవ్వను, ఇంటి గుట్టు మీకు చెప్పుకుంటున్నానంతే.

బూతు మాట వచ్చినచోట శబ్దం తీసేస్తారు కదా, దాని సంగతీ చెప్పాలి. మా అత్తగారికి కొంచెం వినికిడి తక్కువ. మాట వినబడకపోతే టీవీ పాడయిందనుకుని సౌండు పెంచమంటారు. పెంచగానే తర్వాతి సీన్లో డప్పులు, పక్కింటివాళ్లు కూడా లేస్తారు. "ఏమన్నాడే వాడు?" అని అత్తగారు నన్నడుగుతారు. మీరు తీసేసిన మాట నేను మా అత్తగారి చెవి దగ్గర నోరుపెట్టి అరిచి చెప్పాలి. మీరు దాచింది కోడలి నోట పలికించడం ఏ నిబంధన కిందకి వస్తుందండీ?

ఓటీటీ మీ పరిధిలోది కాదని తెలుసు. అక్కడ 2021 నిబంధనల ప్రకారం ఇవే అంకెలు వాళ్లకి వాళ్లే వేసుకుంటారు, పైగా తల్లిదండ్రులకో తాళం ఇస్తారు. మా ఇంట్లో ఆ తాళం పెట్టడం వచ్చింది మా అబ్బాయికే. కాబట్టి తండ్రి సినిమా చూడాలంటే కొడుకుని పిన్ నంబరు అడగాలి. తాతగారి ప్రొఫైల్‌ని వాడు పిల్లల విభాగంలో పెట్టాడు. ఆయన ఈమధ్య రాత్రిళ్లు ఎలుగుబంటి కార్టూన్లు చూస్తున్నారు. బాగున్నాయంటున్నారు.

పాత సినిమాలు చూడొచ్చుగా అంటారేమో. చూస్తాం. పండగొస్తే ఏదో ఒక ఛానెల్లో 'మాయాబజార్' ఉంటుంది. 1957 నాటి సినిమా, మా ఇంట్లో పుట్టినవాళ్లందరికీ నోటికొచ్చు. అందులో మాత్రం ప్రేమ లేదా? వెన్నెల్లో పడవ పాట ఉంది. అది వచ్చిన ప్రతిసారీ మామగారు, ఆ వెన్నెల ఆకాశంలోది కాదు, మార్కస్ బార్ట్‌లే కెమెరాలోది అని చెబుతారు. ప్రతిసారీ మేం కొత్తగా వింటాం. కానీ దగ్గరు, గమనించారా! ఎందుకని చాలాకాలం ఆలోచించాను. ఆ పాటలో అభిమన్యుడూ శశిరేఖా ఇద్దరే లేరు. కృష్ణుడూ రుక్మిణీ ఉన్నారు, బలరాముడూ రేవతీ ఉన్నారు. పెద్దవాళ్లు దగ్గి లేచిపోలేదు, వాళ్లూ పడవెక్కారు.

పోనీ పాతకాలంలో కథలు మెత్తనివి అందామా అంటే, 'శంకరాభరణం' చూడండి. 1980లో వచ్చింది, ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చిన జనరంజక చిత్రమని జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. కథలో ఏముంది? వేశ్యా కులంలో పుట్టిన పిల్ల, ఆమె మీద అత్యాచారం, ఒక హత్య, తండ్రి పేరు చెప్పుకోలేని బిడ్డ. ఇవాళ ఎవరైనా ఇదే కథ కాయితం మీద రాసిస్తే ఎన్నో నంబరు వేస్తారో మీరే చెప్పాలి. మా ఇంట్లో ఆ సినిమాకి చిన్నా పెద్దా ఎవరూ లేచి వెళ్లరు, అత్తగారు చిక్కుడుకాయలు కూడా పక్కన పెట్టేస్తారు. సంగతి ఏదైనా మాకు ఫర్లేదు, కెమెరా ఏ మూల నుంచి తొంగి చూస్తుందన్నదే మా గొడవ. దానికి మీ దగ్గర అంకె లేదు.

కారులో తిరుపతి వెళ్లేటప్పుడూ మా ఇంట్లో ఇంచుమించు ఇదే పంచాయితీ. మామగారికి ఘంటసాల, మా ఆయనకి ఇళయరాజా, అబ్బాయికి తమన్. ఒకప్పుడు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై ఏ పాట వేస్తే అదే విన్న అత్తగారికి, ఇంత ఎంపిక ఉండటమే గొడవలకి మూలమని గట్టి నమ్మకం. సినిమా మీ దగ్గరికి రాకముందే పాట లిరికల్ వీడియోగా మా కారులోకి వచ్చేస్తుంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి ఒక్కో మాటకీ అర్థం అడుగుతుంది. ఒంగోలు దాటేలోపు మా ఆయన దగ్గర జవాబులైపోతాయి. అప్పుడు మహదేవన్ గారి బాణీ పెడతాం. బాలు గొంతు వినబడగానే అబ్బాయి కూడా తలాడిస్తాడు, ఎవరైనా చూస్తే ఆపేస్తాడు.

కత్తెర ఇంకా పదును పెట్టమని నేను అడగడం లేదు. ఒక్క ఫ్రేము కూడా తీయకండి. అన్నీ తీసేస్తే మేం దేనికి దగ్గాలి, దేన్ని చూసి నవ్వుకోవాలి? ఎవరి గదిలో వాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసే రోజులూ గడిపాం. దగ్గు లేదు నిజమే, మామగారు ఒక్కరే రేలంగిని చూసి నవ్వుతుంటే మిగతా ఇల్లంతా ఏమైందోనని పరిగెత్తింది.

నేను కోరేది చిన్నది. సర్టిఫికెట్ మీద వయసు పక్కన 'ఎవరితో' అని ఇంకో గడి పెట్టించండి. 'మామా కోడళ్లు ఒకే సోఫాలో చూడదగినది' అనో, 'బావమరదులకు మాత్రమే' అనో, 'వియ్యంకులు వచ్చినప్పుడు వద్దు' అనో రాయించండి. కొత్త అల్లుడు ఇంట్లో ఉంటే ఇంటర్వెల్ దాకా చూడొచ్చని ఉంటే ఇంకా మేలు. తెర మీద సిగరెట్ వెలిగితే చాలు, ఆరోగ్య శాఖ వారి పుణ్యాన కింద మూలన హెచ్చరిక పడుతుంది. ఆ పొగాకు ప్రకటన ఎంత వంటబట్టిందంటే అందులోని మాటనే 2018లో 'ఈ నగరానికి ఏమైంది' అని సినిమాకి పేరు పెట్టారు. సిగరెట్‌కి అంత చేసినవాళ్లు, మంచుకొండలు రావడానికి రెండు నిమిషాల ముందు 'పాలు చూసుకోండి' అని చిన్న అక్షరాలతో వేయలేరా?

మీరు కాదంటే పైకి వెళ్లే దగ్గరి దారి కూడా మూసుకుపోయింది. అప్పీలు వినే ట్రైబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు, ఇప్పుడు హైకోర్టుకే పోవాలట. మా ఇంట్లో హైకోర్టంటే అత్తగారు. ఆవిడ తీర్పు నాకు ముందే తెలుసు, "మా రోజుల్లో ఇవన్నీ లేవు."

ఇక అసలు తొందర ఏమిటంటే, ఈ సంక్రాంతికి కొత్త సినిమాకి ఒకే వరసలో ఎనిమిది సీట్లు బుక్ చేశాం. ఆడపడుచూ, ఆవిడ భర్తా కూడా వస్తున్నారు, అందరూ కలిపి ఏడుగురు, అమ్మాయిని కలిపితే ఎనిమిది. ఎవరెక్కడ కూర్చోవాలో కాయితం మీద గీసి చూశాను. ఎలా గీసినా మామగారి పక్క సీటుకి ఎవరూ ఒప్పుకోవడం లేదు, అమ్మాయి నా ఒళ్లో కూర్చుంటానంటోంది. మీ పరిశీలక సంఘం నుంచి అనుభవమున్న సభ్యులెవరినైనా పంపిస్తే ఆ సీటు వారికే ఇస్తాం. టికెట్ డబ్బులు అడగం, ఇంటర్వెల్లో సమోసా కూడా మాదే.

ఇట్లు,
ఒక కోడలు
తెనాలి