డిస్కును నిద్రపుచ్చకండి

ఇంట్లో లైనక్స్ సర్వర్ పెట్టుకున్నవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పే మొదటి మాట, ఖాళీగా తిరుగుతున్న ఎక్స్‌టర్నల్ డిస్కుకి టైమర్ పెట్టి నిద్రపుచ్చమని. వినకండి. ఆ డిస్కుని రోజంతా తిరగనివ్వండి, లేదా పీకి బీరువాలో పెట్టండి. మధ్యరకం నాకు ససేమిరా నచ్చదు.

ముందు ఆ టైమర్ తీసేయండి. ఆ టైమర్ పెట్టే హెచ్‌డీపార్మ్‌లో -S పక్కన ఇచ్చేది నిమిషాలు కాదు, సెకన్లూ కాదు. 1 నుంచి 240 వరకు ఒక్కో అంకెకి 5 సెకన్లు. 241 నుంచి 251 వరకు అరగంటల లెక్క. పది నిమిషాలు అనుకుని 10 కొట్టారా, 50 సెకన్లకే డిస్కు ఆగిపోతుంది. సినిమా మధ్యలో ఆపి కాఫీ కలుపుకొచ్చేసరికి పడుకుని ఉంటుంది, లేపితే కొన్ని సెకన్లు నాన్చుతుంది. 0 ఇచ్చేయండి, పీడ పోతుంది. కొన్ని యూఎస్‌బీ డబ్బాలు ఈ ఆదేశాన్ని డిస్కు దాకా పోనివ్వవు, తమ సొంత టైమర్‌తో ఆపేస్తాయి. అలాంటి డబ్బా మార్చేయాల్సిందే.

ఇలా ఆగి లేవడంవల్ల డిస్కు అరుగుదల కళ్ళారా చూడాలంటే స్మార్ట్‌సీటీఎల్ -ఏ కొట్టి 193 నంబరు వరుస చూడండి. హెడ్డు ఎన్నిసార్లు పక్కకి వెళ్ళి పార్కయిందో అక్కడ ఉంటుంది. చాలా డిస్కులకి 3 లక్షలో 6 లక్షలో హద్దు అని కంపెనీలే రాసి ఇస్తాయి. నిమిషానికోసారి పార్కయితే 3 లక్షలు నిండడానికి ఏడు నెలలు చాలు! పైగా పడుకోబెట్టిన డిస్కు పడుకోదు. అప్‌డేట్‌డీబీ లేపుతుంది, సినిమాల సర్వర్ స్కాన్ లేపుతుంది. ఎవరు లేపారో ఫాట్రేస్‌లో వెతుక్కుంటూ సాయంత్రాలు పాడుచేసుకోవద్దు.

కరెంటు అంటారా, 5 వాట్లు తినే డిస్కు ఏడాదంతా తిరిగితే 44 యూనిట్లు. పెళ్ళి వీడియోలున్న డిస్కుకి ఆ ఖర్చు పెట్టొచ్చు.

వారానికోసారి వాడే బ్యాకప్ డిస్కు సంగతి వేరు, అది బీరువాలోదే. పిడుగు పడినా, పొరపాటున ఆర్ఎమ్ కొట్టినా దాని జోలికి రావు. అన్‌మౌంట్ చేశాక యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ ఇవ్వండి. డబ్బా మీద అరచెయ్యి ఆనించి ఉంచండి. సన్నటి వణుకు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగాకే వైరు తీయండి.

ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీబీ అని కాకుండా యూయూఐడీ రాయండి, పక్కన నోఫెయిల్ తప్పనిసరి. లేకపోతే డిస్కు బీరువాలో ఉన్న రోజు సర్వర్ రీస్టార్టయితే, 90 సెకన్లు దానికోసం చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. బ్యాకప్ స్క్రిప్టు మొదటి లైనులోనే మౌంట్‌పాయింట్ -క్యూతో డిస్కు ఉందో లేదో అడగండి. అడగకుండా నడిపితే డిస్కు మౌంట్ కావాల్సిన ఖాళీ ఫోల్డర్లోకే కాపీ చేసేసి, రూట్ పార్టిషన్ నిండేదాకా ఆగదు.