పిలిస్తే రాని కుక్కను తయారుచేయడం ఎలా?

ఆకివీడు చేపల చెరువుల గట్ల మీద ఈ విద్య నేర్పడం చాలా తేలిక. వేట రుచి మరిగిన, ఎదిగిన కుక్కను ఎంచుకోండి. గట్టెక్కగానే తాడు విప్పేయండి. కొంగ లేచేదాకా నోరు మెదపకండి. అప్పటిదాకా దాని చెవులు మీవైపే ఉంటాయి కాబట్టి పిలుపు పనిచేసే ప్రమాదం ఉంది. కుక్క పరుగందుకున్నాక మొదలుపెట్టండి: రాజా, రాజా, ఒరేయ్ రాజా! పదిసార్లకు తగ్గకుండా అరిస్తే, రొయ్యల చెరువులో ఏరియేటర్ మోతలాగే ఇది కూడా తనకు సంబంధం లేని చప్పుడని దానికి అర్థమవుతుంది.

ఎప్పటికో తిరిగొస్తుంది. అప్పుడు నాలుగు తగిలించడం మరవకండి. కొంగ వెంట పడినందుకు కొట్టామని మీరనుకుంటారు. మీ దగ్గరకు వచ్చినందుకే దెబ్బ పడిందని దాని లెక్క. కొట్టడానికి మనసొప్పకపోతే గొలుసు వేయడానికీ, స్నానానికీ, గోమార్లు ఏరడానికీ, సూది వేయించడానికీ మాత్రమే పేరుపెట్టి పిలవండి. పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకైనా, లోకం గుర్తుపెట్టుకున్నది ఆయన కుక్కల లాలాజలాన్నే. తిండికి ముందు వచ్చే చప్పుడు వాటికి నోరూరించింది. గొలుసుకు ముందు వచ్చే పిలుపు కాళ్ళకు పరుగు నేర్పుతుంది. సూత్రం ఒకటే.

తిండి ఆశ చూపి పిలవడం లంచం కాదా అని కొందరి అభ్యంతరం. వాళ్ళను ప్రోత్సహించాలి, ఎందుకంటే కుక్కకు జీతం అటువైపు ఎలాగూ అందుతోంది. వేటలో పరుగే సుఖం, కొంగ దొరకనక్కర్లేదు. నెలకో పందికొక్కు దొరికితే మరీ మంచిది: అప్పుడప్పుడే ఫలితం దక్కే అలవాటు ఓ పట్టాన వదలదని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. దానికి పోటీగా మీరు ఓ ఎండు బిస్కెట్టు చూపించి, రాలేదని నొచ్చుకోండి. మన పని చెడగొట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఉడికించిన కోడి కార్జం జేబులో వేసుకుంటారు. ముందు పెరట్లో, తర్వాత పొడవాటి తాడు కట్టి పక్షులకు దూరంగా, కుదిరాక కాస్త దగ్గరగా, ఒక్కసారే పిలుస్తారు. వచ్చిన కుక్కను మెచ్చుకుని, మళ్ళీ వాసన చూసుకోవడానికి వదిలేస్తారు. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడవచ్చని డేవిడ్ ప్రిమాక్ 1959లో చెప్పింది ఇదే.

కుక్క తోక వంకర, ముదిరాక ఏం నేర్చుకుంటుంది అంటారు మరికొందరు. ఇందులో సగం నిజం. బహుమతులతో నేర్పిన జంతువులు కూడా కొన్నాళ్ళకు పుట్టుబుద్ధికి జారిపోతాయని స్కిన్నర్ శిష్యులైన బ్రెలాండ్ దంపతులు 1961లో రాశారు. వాళ్ళ రకూన్ నాణేన్ని డబ్బాలో వేయడం మాని చేతుల్లో రుద్దుకుంటూ కూర్చునేదట. అయితే దీన్నిబట్టి తేలేది నేర్పడం దండగని కాదు, నేర్పినా తాడు అవసరమని. వయసు అసలు అడ్డే కాదు. ఏళ్ళ తరబడి మనం దగ్గరుండి చేయించిన సాధనే అడ్డు.

ఈ పాఠం చెల్లని చోటు ఒకటుంది. ఈ చెరువుల పక్కనే ఉన్న కొల్లేరు సరస్సు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల. 1972 నాటి వన్యప్రాణి చట్టం చంపడాన్నే కాదు, తరమడాన్నీ వేటగానే లెక్కిస్తుంది. అక్కడి ఆటపాకవైపు గూడబాతులు పిల్లల్ని సాకే రోజుల్లో మీ రాజా ఎంత మాట వినేవాడైనా సరే, దయచేసి తాడు విప్పకండి.