రెండు తీగల త్రిశూలధారీ!

చార్జింగ్ కేబుల్ మహాశయా, నీ వైరాగ్యానికి నమస్కారం. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చినప్పుడు దాన్ని రాసిన పెద్దలు నాలుగు తీగలు ఉండాలన్నారు. ఎర్రది 5 వోల్టులకు, నల్లది గ్రౌండుకు, ఆకుపచ్చ, తెలుపు డేటాకు. నువ్వు ఆ చివరి రెంటినీ పరిత్యజించావు. అయినా ఆ లోటు ముఖంలో కనిపించనివ్వవు. నాలుగు తీగలున్న తోబుట్టువుకున్న నల్ల తొడుగే నీకూ ఉంది. అదే మైక్రో పిన్ను, మూతి మీద అదే త్రిశూలం గుర్తు. త్రిశూలం పట్టినవారిని ఇలా కొలవడం మన భక్తులకు కొత్తేమీ కాదు.

నీ మొదటి మహిమ దీపం. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే అమ్మాయి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి మైక్రో యూఎస్‌బీ ఉన్న ఆర్డుయినో నానో క్లోన్ బోర్డు ఒకటి కొనుక్కొస్తుంది. ఇంట్లో ట్రిమ్మర్‌తోనో పవర్ బ్యాంకుతోనో వచ్చి సొరుగులో పడి ఉన్న నిన్ను తీసి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తుంది. బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ముందే ఎక్కించి ఉన్న ప్రోగ్రాం వల్ల పక్కన ఇంకో దీపం మిణుకు మిణుకుమంటుంది. ఇక నిన్ను అనుమానించే పాపాత్ములు ఎవరుంటారు? కరెంటు వస్తోంది, బోర్డు బతికే ఉంది. అప్‌లోడ్ నొక్కితే మాత్రం పోర్టు దొరకలేదంటుంది.

అక్కడినుంచి నీ గురుత్వం మొదలవుతుంది. నువ్వే లేకపోతే, క్లోన్ బోర్డుల మీద సీహెచ్340 అనే చిప్పు ఉంటుందనీ, దానికి విడిగా డ్రైవర్ వేసుకోవాలనీ ఆ పిల్లకు ఇంత త్వరగా తెలిసేదా? వేసిన డ్రైవర్ తీసేసి మళ్లీ వేయడం నేర్పావు. ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ అనే మాట ఉందని చూపించావు. ఉబుంటు 22.04లో అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉంచిన బీఆర్‌ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేర్ ఈ చిప్పును తన పరికరమనుకుని లాక్కుంటుందన్న సంగతి దాకా తీసుకెళ్లావు. ఇవన్నీ నిజంగా ఉన్న చిక్కులే, ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే విద్యే. ఆ రాత్రి పోర్టు దొరకకపోవడానికి మాత్రం వీటిలో ఒక్కటీ కారణం కాదు. కడుపులో లేనిది కావలించుకుంటే రాదు. లేని ఆకుపచ్చ తీగ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా మొలవదు.

చివరికి నిన్ను ఎవరూ ఏమీ అనరు, అదీ నీ పుణ్యబలం. ఆడలేక మద్దెల ఓడంటోందని ఇంట్లో వాళ్లు ఆ పిల్లనే అంటారు. మద్దెల నిజంగానే ఓడని ఎవరికీ తట్టదు. "ఇది మనకు వచ్చే పని కాదులే" అని ఆమె బోర్డును డబ్బాలో పెట్టేస్తుంది. నీ మహిమల్లో నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

ఉన్న రెండు తీగల్లోనూ నీ పొదుపు గొప్పది. 28 గేజి రాగి తీగ మీటరుకు సుమారు 0.21 ఓమ్ అడ్డు పెడుతుంది. మీటరు కేబుల్‌లో పోనూ రానూ కలిపితే 0.42. అర యాంపియర్ పారితే 0.2 వోల్టు దారిలోనే ఖర్చు. అంతకన్నా సన్నని తీగతో సరిపెట్టుకున్నప్పుడు, ఈఎస్‌పీ32 బోర్డు వైఫై ఆన్ చేసిన క్షణంలో వోల్టేజి చాలక రీసెట్ అవుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. బ్రౌనౌట్ వచ్చిందని అది సీరియల్‌లో మొరపెట్టుకుంటూనే ఉంటుంది. ఆ మొర వినాలన్నా డేటా తీగలు కావాలి కదా, అందుకని నీ మర్యాదకు ఏ భంగమూ రాదు.

నీలో ఒక గుణం ఉంది, అది దాచకూడదు. రైల్వే స్టేషన్లో, బస్టాండులో ఊరూ పేరూ తెలియని చార్జింగ్ సాకెట్టుకు ఫోను పెట్టాల్సి వస్తే నీ అంత నమ్మకమైన తోడు లేదు. డేటా దారే లేనిచోట ఫోనులోని సమాచారం ఆ దారిన ఎవరు తీయగలరు? నీ స్థానం అక్కడ. ప్రయోగాల బల్ల మీద కాదు.

కొత్తగా బోర్డు పట్టుకున్నవాళ్లకు ఒక మాట. డ్రైవర్ లేకపోయినా సరే, మంచి కేబుల్ పెడితే విండోస్ టింగుమంటుంది, డివైస్ మేనేజర్‌లో గుర్తు తెలియనిదంటూ ఏదో ఒక పేరు కనిపిస్తుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొడితే కొత్త వరుస ఒకటి వస్తుంది. దీపం వెలిగి, శబ్దం లేక, పేరూ రాకపోతే డ్రైవర్ జోలికి పోకండి, ముందు కేబుల్ మార్చండి. అదే కేబుల్‌తో ఫోనును కంప్యూటర్‌కు కలిపి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, ఫోనులోని ఫొటోలు కనిపిస్తే అది నాలుగు తీగలదే. కనిపించకపోతే దానికి ఎర్ర టేపు చుట్టి ప్రయాణాల సంచిలో వేయండి.

కేబుళ్లు చేసేవారికీ అమ్మేవారికీ నా విన్నపం ఒక్కటే. రెండు తీగలు మిగుల్చుకోండి, మీ వ్యాపారం మీది. "చార్జింగ్‌కు మాత్రమే" అన్న రెండు మాటలు మాత్రం మిగుల్చుకోకండి. కేబుల్ మీదనే అచ్చు వేయండి.