‘తలకుఁ బళ్ళబిళ్ళ’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఒళ్ళు రుద్దుకోవడం మీద వ్యాఖ్యానం రాసే అర్హత వాల్మీకిపురం వాళ్ళకి ఉందా అని మొదటి శంక. ఊరికి పేరిచ్చిన మహర్షి ఒంటి మీద పుట్ట లేచేదాకా కదలకుండా కూర్చున్నవాడు. ఆయన్ని శుభ్రం చేయాలంటే పీచు చాలదు, పలుగూ పారా కావాలి. సమాధానం: అందుకే ఆ బాధ్యత తర్వాతి తరాల మీద పడింది. పాతవాళ్ళ నోట ఈ ఊరు ఇంకా వాయల్పాడే అయినా, బాధ్యత మాత్రం తప్పదు.

ఈ పద్యం ఇక్కడి ఒక మిద్దె ఇంటి బాత్రూము తలుపుకి లోపలివైపు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. కర్త ఎవరో తెలియదు. మకుటం లేదు గనక వేమన్న మీద నెట్టే వీల్లేదు, ఆయన కదిరి మనకి అంత దూరం కాకపోయినా. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత అట్లాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు.

మూలం

ఆ. తలకుఁ బళ్ళబిళ్ళ తనువుకుఁ బీచును
వేడి నీళ్ళ తోడ వీపు రుద్ది
పిదప నారవేసి పెట్టిన వానికి
దురద లేదు చుండ్రు తొలఁగు నిజము

ప్రతిపదార్థం

తలకున్ = నెత్తికి; పళ్ళబిళ్ళ = అంగట్లో షాంపూ బ్రష్ అని అడిగితే ఇచ్చే, అరచేతిలో ఇమిడే, మెత్తటి సిలికాన్ పళ్ళున్న బిళ్ళయు; తనువుకున్ = ఒంటికి; పీచును = ఎండిన నేతిబీర పీచు గాని, నైలాను వలను ముడేసిన ఉండ గాని (‘పట్టి’ అని అధ్యాహారం); వేడి నీళ్ళ తోడన్ = అండాలో గాని గీజరులో గాని కాగిన నీళ్ళతో; వీపు రుద్ది = అర్థం స్పష్టం, ఆచరణ కష్టం; పిదపన్ = తరువాత; ఆరవేసి పెట్టిన వానికిన్ = ఆ సరంజామాను గాలికి ఆరగట్టిన పురుషునకు; దురద లేదు; చుండ్రు తొలఁగున్; నిజము = దీని సంగతి తర్వాత.

తాత్పర్యం

తలనూ ఒంటినీ తగిన సాధనాలతో రుద్దుకుని, ఆ సాధనాలను ఆరబెట్టుకున్నవాడు సుఖపడతాడని భావం.

విశేషాలు

తనువుకు: ‘తనువునకు’ అని ఉండాలని లాక్షణికులు పెదవి విరుస్తారు. కవి అప్పటికే తడిసి ఉన్నాడు, వ్యాకరణం చూసుకునే తీరిక లేదు. మరీ పట్టుబట్టేవాళ్ళకి కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ తేల్చుకోవచ్చు.

పళ్ళబిళ్ళ: గోళ్ళు చేసే పనిని గోళ్ళు లేకుండా చేయడం దీని ప్రయోజనం. గోళ్ళతో గీకితే మాడు మీద గీతలు పడి మంటెత్తుతుంది. బిళ్ళ పళ్ళు వంగుతాయి, కుదుళ్ళ మధ్యకి షాంపూని తీసుకెళ్తాయి, పొట్టును లేపుతాయి. జుట్టు తడిశాకే పెట్టాలి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి, పొడుగు జుట్టులో లాగకూడదు. దీంతో జుట్టు ఒత్తుగా మొలుస్తుందని అమ్మేవాళ్ళు అంటారు. దానికి ఆధారంగా 2016లో అచ్చయిన ఒక జపాన్ పరిశీలనను చూపిస్తారు. దినామూ నాలుగు నిమిషాల చొప్పున 24 వారాలు యంత్రంతో మాడు మర్దన చేస్తే వెంట్రుక మందం కాస్త పెరిగింది. వెంట్రుకల సంఖ్య పెరగలేదు. ఇంతకీ మర్దన చేయించుకున్నవాళ్ళు తొమ్మిదిమంది. మన దగ్గర ఒక్క పెళ్ళిలో నలుగు పెట్టడానికి చేరే జనం అంతకన్నా ఎక్కువ.

వేడి నీళ్ళ: ఇక్కడ కవికీ వాగ్భటుడికీ చుక్కెదురు. అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో వాగ్భటుడు మెడ కింద పోసుకునే వేడినీళ్ళు ఒంటికి బలమనీ, తల మీద పోసుకుంటే జుట్టుకీ కళ్ళకీ చేటనీ తేల్చాడు. మాఘంలో హార్సిలీ కొండల వైపు నుంచి చలి కొడుతుంటే తలకి చన్నీళ్ళు పోసుకోమని చెప్పడం వాగ్భటుడికి తేలికే. తలకి గోరువెచ్చన, ఒంటికి ఇంకాస్త వేడి అని సమన్వయం.

రుద్ది: పద్యం నడిచేదీ ఈ క్రియ మీదే, జనం తప్పటడుగు వేసేదీ ఇక్కడే. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది కవి చెప్పలేదు. చెప్పనిదాన్ని ఎవరి భుజబలం కొద్దీ వాళ్ళు పూరించుకున్నారు.

ఇందులో మన నీళ్ళ పాత్ర ఉంది. మదనపల్లె, పుంగనూరు, వాల్మీకిపురం చుట్టూ వాన తక్కువ, నేల కింద రాయి. వెయ్యి అడుగులు దాటినా పడతాయో లేదో తెలియని బోర్లే దిక్కు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. సబ్బు ఎంత రాసినా నురగ రాదు, సబ్బులోని కొవ్వు ఆమ్లం కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని తెట్టు కడుతుంది. బకెట్టు లోపలి అంచును గోటితో గీరితే జిగటగా వచ్చే బూడిదరంగు పూత అదే. అది బకెట్టుకే కాదు, బకెట్టు వాడేవాడికీ అంటుకుంటుంది. పీచుతో మెడ పక్కన రుద్దగానే సన్నటి నల్లటి వత్తులు లేస్తాయి. ‘ఎంత మురికి పట్టిందిరా సామీ’ అనుకుంటూ ఇంకొంచెం సబ్బు పెట్టి ఇంకా గట్టిగా రుద్దుతారు. ఆ వత్తుల్లో మురికి వంతు కొంచెమే, తక్కినదంతా తెట్టూ చచ్చిన చర్మమూ. సబ్బు పెట్టేకొద్దీ తెట్టు, తెట్టు చూసేకొద్దీ సబ్బు. దీన్ని తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయ దోషం అంటారు. విడిపించుకునే దారి ఒకటే: సబ్బు తగ్గించి, రుద్దడం ఆపి, ఇంకో రెండు చెంబులు పోసుకోవడం. ఆ రెండు చెంబుల నీళ్ళు వేసవిలో ఎక్కడివని అడిగితే వ్యాఖ్యాత దగ్గర జవాబు లేదు.

రుద్దకపోయినా పైచర్మం దాదాపు నెలకోసారి తనంతట తానే రాలి కొత్తది వస్తుంది. దాన్ని తొందరపెడితే ఒళ్ళు తెల్లబడదు, నల్లబడుతుంది. నైలాను తువ్వాళ్ళతో ఏళ్ళ తరబడి తోముకున్నవాళ్ళకి వీపు మీదా మెడ ఎముకల మీదా నల్లమచ్చలు రావడం చూసి జపాన్ చర్మవైద్యులు ఆ జబ్బుకి తువ్వాలు పేరే పెట్టారు. మన ఊరి గుడిలో పట్టాభిరాముడికి బ్రహ్మోత్సవాల్లో స్నపన తిరుమంజనం జరుగుతుంది. పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్ళు, పసుపు, గంధం అన్నీ పోస్తారు. ఏ అర్చకుడూ పీచు పట్టుకుని తోమడు. ఆయన కళ తగ్గిందని ఎవరూ అనలేదు.

ఆరవేసి: పదచ్ఛేదంలో పేచీ. ‘పిదపన్ + ఆరవేసి’ అని విడగొట్టడం సంప్రదాయం. ‘పిదప + నార వేసి’ అని విడగొట్టి, నార అంటే పీచు, దాన్ని బాత్రూము మూలకి వేసి అని అర్థం చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆచరణలో ఈ రెండో పక్షానికే అనుయాయులెక్కువ. అది పొరపాటు పక్షం. తడి పీచు సందుల్లో చచ్చిన చర్మం చిక్కుకుని ఉంటుంది, సూక్ష్మజీవులకి అంతకన్నా విందేముంది? 1993లో అమెరికా వైద్యులు ఒక రోగి వెంట్రుక కుదుళ్ళలో లేచిన చీము కురుపులకి కారణం వెతుకుతూ వెళ్ళి, స్నానపు పీచులో పెరిగిన సూడోమోనాస్ దగ్గర తేలారు. కాబట్టి కవి రుద్దడానికి ఒక పాదంతో సరిపెట్టి, ఆరవేయడానికి ఇంకో పాదం కేటాయించడం ఔచిత్యవంతం. సిలికాను బిళ్ళ దులిపితే ఆరుతుంది. బీరపీచుని పిండి, ఎండ తగిలే దండెం మీద వేయాలి. నలుపెక్కినా, వాసన వేసినా పారేయాలి.

ఇందులోనే ఇంకో సూక్ష్మం ఉంది. ‘రుద్ది’, ‘ఆరవేసి’ రెండూ క్త్వార్థకాలు, రెంటికీ కర్త ఒక్కడే కావాలి. కానీ లోకంలో రుద్దుకునేది ఆయన, పీచుని మూల నుంచి ఏరి మిద్దె మీద ఆరేసేది ఆవిడ. ‘వానికి’ అన్న పుంలింగం ఇక్కడ నిలవదు. శాస్త్రం ఒప్పుకోవాలంటే ఆయన రుద్దుకోగా చుండ్రు ఆవిడకి తొలగాలి. కవి దీన్ని ఆలోచించినట్టు లేదు. ఆవిడ మాత్రం ఆలోచించే ఉంటుంది.

చుండ్రు తొలఁగు నిజము: ‘నిజము’ పాదపూరణం. చివర ఒక సూర్యగణం తక్కువైతే తెలుగు కవి చేతికి అందే మాట ఇదే. చుండ్రుకి మూలం మాడు జిడ్డు మీద బతికే మలస్సీజియా అనే శిలీంధ్రం. బిళ్ళతో రుద్దితే పొట్టు రాలుతుంది, శిలీంధ్రం రాలదు. దానికి కీటోకొనజోల్ లాంటి మందున్న షాంపూ పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి కడగాలి. చుండ్రు ‘రాలు’ అని ఉంటే సత్యమయ్యేది, యతి చెడేది. యతిని కాపాడి సత్యాన్ని వదిలాడు.

ఛందస్సు: ఆటవెలది. నాలుగో పాదంలో ద–త లకు వర్గయతి.

అలంకారం: స్వభావోక్తి అని కొందరు. ‘వీపు రుద్ది’ అన్నాడు గాని ఎవరు రుద్దారో, చేయి ఎట్లా అందిందో చెప్పలేదు. పుంగనూరు ఆవుకైతే ఈ చిక్కు లేదు, వేపమొద్దుకి ఒళ్ళు ఆనించి రాసుకుంటుంది. మనిషికి రెండు రెక్కల ఎముకల నడుమ జానెడు చోటు పైనుంచీ అందదు, కిందనుంచీ అందదు. పద్యంలో పొడుగు పిడి ఉన్న బ్రష్షు ఊసు ఎక్కడా లేదు. అందుచేత అతిశయోక్తి.